చలికాలపు గ్రూప్ రైడ్‌లో తిరిగే వరుసను చెడగొట్టకుండా తొక్కడం ఎలా?

రోడ్డు సైకిల్ రేసులకు తయారయ్యే అమెచ్యూర్ రైడర్లకు హైదరాబాద్ పరిసరాలలో నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు ఉండే చల్లని ఉదయాలకు మించిన కాలం లేదు. మార్చి దాటితే ఎనిమిది గంటలకే ఎండ మాడుస్తుంది, జూన్ నుంచి వానలు ఏ రోజును మిగులుస్తాయో తెలియదు. అందుకే ఈ నాలుగు నెలలలో వారాంతంలో కలిసి తొక్కే గ్రూపులు చాలానే కనిపిస్తాయి. అయితే వాటిలో ఎక్కువ భాగం గ్రూపుగా బయలుదేరి, గంట తిరగకముందే ముక్కలై, ముగ్గురు ముందు, నలుగురు మధ్యలో, మిగిలినవారు ఎక్కడో వెనుక ఒంటరిగా తొక్కుతూ ఇంటికి చేరుతున్నాయి. దీనికి కారణం వెనుకబడినవారికి బలం చాలకపోవడమని అందరూ అనుకుంటారు. నిజానికి చాలాసార్లు కారణం ముందున్నవారే; వంతులవారీగా ముందుకు వచ్చి గాలిని ఎదుర్కొనే తిరిగే వరుసను వారే చెడగొడతారు.

ముందుగా కావలసినవి

సైకిల్ మంచి స్థితిలో ఉండాలి, బ్రేకులు పట్టాలి, హెల్మెట్ ఉండాలి. ఇవి వేరే చెప్పనక్కరలేదు. టైర్లు 28 మిల్లీమీటర్లవి వాడండి, 23 మిల్లీమీటర్ల టైర్ల కాలం పోయింది. ముందు తెల్ల లైటు, వెనుక ఎర్ర లైటు తప్పనిసరి. వెనుక లైటును మిణుకుమిణుకుమనేలా పెడితే మీ వెనుక వచ్చేవారి కళ్ళు చెదురుతాయి కాబట్టి నిలకడగా వెలిగేలా పెట్టండి. రెండు ట్యూబులు, టైరును ఊడదీసే లీవర్లు, చేతి పంపు ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి, ఎందుకంటే ఇక్కడి రోడ్ల అంచున తుమ్మముళ్ళకు కొదవ లేదు. చలికి ఆర్మ్ వార్మర్లు, పలుచని గ్లవ్స్ చాలు. జాకెట్ వేసుకుని వచ్చినవారు అరగంటలో దాన్ని విప్పడానికి అందరినీ ఆపుతారు. తినడానికి అరటిపండ్లు, పల్లీ చిక్కీ తెచ్చుకోండి, ఖరీదైన జెల్‌లు రేసు రోజుకు దాచుకోండి. చెవిలో ఇయర్‌ఫోన్లు, హ్యాండిల్ మీద ఏరోబార్లు (ముంజేతులు ఆనించి ముందుకు వంగడానికి బిగించే కడ్డీలు) ఉన్నవారిని వరుసలోకి రానివ్వకండి. ఏరోబార్ల మీద చేతులు చాచినవారికి బ్రేకులు అందవు. దీని మీద చర్చ అనవసరం.

మనుషులు ఎనిమిది మందికి తగ్గకుండా, పన్నెండు మందికి మించకుండా ఉండాలి. ఇరవై మంది వస్తే రెండు గ్రూపులుగా విడిపోయి, పది నిమిషాల తేడాతో బయలుదేరండి.

దారి, సమయం

అవుటర్ రింగ్ రోడ్డు ప్రధాన రహదారిపైకి ద్విచక్ర వాహనాలకు అనుమతి లేదు కనుక సర్వీసు రోడ్డే మనకు దిక్కు. దాని పక్కనే 2023లో సోలార్ పైకప్పుతో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది. ఒంటరిగా నిలకడగా తొక్కడానికి అది చక్కని చోటే గానీ, పిల్లలు, కొత్తగా నేర్చుకునేవారు, ఎదురుగా వచ్చేవారు ఉండే ఆ దారిలో పదిమంది రెండు వరుసలుగా దూసుకుపోవడం సంస్కారం కాదు. నార్సింగి దగ్గర కలిసి, గండిపేట మీదుగా శంకరపల్లి వైపు వెళ్ళి రావడం నాకు నచ్చిన దారి. చేవెళ్ళ రోడ్డు మర్రిచెట్ల నీడన ఎంత అందంగా ఉన్నా, కంకర టిప్పర్లు, పత్తి లారీలు తిరిగే ఆ దారిలో చీకటి విడవకముందు గ్రూపుగా వెళ్ళవద్దు.

జనవరి మొదట్లో ఇక్కడ సూర్యోదయం దాదాపు 6:45కు అవుతుంది. ఆరు గంటలకు బయలుదేరితే మొదటి ముప్పావుగంట చీకటి, మసక వెలుతురు. గండిపేట, హిమాయత్ సాగర్ చెరువుల పక్కన కొన్నిసార్లు పొగమంచు కూడా ఉంటుంది. ఈ ముప్పావుగంటలో ఇద్దరిద్దరుగా పక్కపక్కన, మాట్లాడుకోగలిగిన వేగంతో, ముందువారికి రెండు సైకిళ్ళంత ఎడంలో వెళ్ళండి. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఊపిరికి ఆగవలసి వస్తే వేగం ఎక్కువైనట్టే. కాళ్ళు వేడెక్కి, రోడ్డు స్పష్టంగా కనిపించేదాకా అసలు పని మొదలుపెట్టకూడదు.

తిరిగే వరుస

అసలు పని ఇదే. ముందున్నవారు గాలిని చీలుస్తుంటే వారి చాటున ఉన్నవారికి శ్రమ తగ్గుతుంది, అందుకే ముందుండే పనిని అందరూ వంతులవారీగా పంచుకోవాలి. రెండు వరుసలు పక్కపక్కన వెళతాయి, ఒకటి కొంచెం వేగంగా, మరొకటి కొంచెం నెమ్మదిగా. వేగపు వరుసలో ముందుకు వచ్చినవారు పక్కకు జరిగి నెమ్మది వరుసకు తలగా మారతారు, తరువాత మెల్లగా వెనక్కి జారి, చివరికి చేరాక మళ్ళీ వేగపు వరుసలోకి మారతారు. గొలుసు పళ్ళచక్రం మీద తిరిగినట్టు ఈ తిరగడం ఆగకుండా సాగుతుంది. గాలి ఎటునుంచి వస్తుందో అటు నెమ్మది వరుస ఉండాలి, వేగపు వరుస దాని చాటున ఉండాలి. చలికాలంలో మనకు ఎక్కువగా ఈశాన్యపు గాలి వీస్తుంది కాబట్టి, శంకరపల్లి నుంచి తిరిగి వచ్చేటప్పుడు అది ఎడమ ముందు నుంచి తగులుతుంది; అప్పుడు ఎడమ వరుస నెమ్మదిగా, కుడి వరుస వేగంగా సాగాలి. దారి మలుపు తిరిగి గాలి వైపు మారితే, అనుభవజ్ఞుడొకరు గట్టిగా చెప్పి తిరిగే దిశను మార్పించాలి.

ఇక్కడివరకు ఎవరికైనా అర్థమవుతుంది. చెడిపోయేది దీని తరువాత.

కుడి వరుసలో మీ ముందున్నవారు ఎడమకు జరిగిన క్షణాన మీ ఎదుట ఖాళీ రోడ్డు కనిపిస్తుంది, ముఖానికి గాలి తగులుతుంది. ఆ క్షణంలో దాదాపు ప్రతి ఒక్కరూ తెలియకుండానే పెడల్‌ను గట్టిగా నొక్కుతారు. తమ వంతు వచ్చిందని, బలం చూపాలని, కనీసం వేగం తగ్గనివ్వకూడదని అనుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. వరుస 34 కిలోమీటర్ల వేగంతో వెళుతుంటే మీరు ముందుకు వచ్చినప్పుడూ 34తోనే ఉండాలి, 36 అక్కరలేదు. గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగపు ఘనంతో పెరుగుతుంది కాబట్టి 34 నుంచి 36కు వెళితే ఆ ఖర్చు ఒక్కసారిగా 19 శాతం దాకా పెరుగుతుంది. మీకు అది ఐదు సెకన్ల సరదా. కానీ మీ వెనుక ఎడం తెరుచుకుంటుంది, దాన్ని పూడ్చడానికి రెండోవారు మీకన్నా కొంచెం ఎక్కువ వేగం పెంచాలి, మూడోవారు ఇంకా ఎక్కువ, చివరివారు ఏకంగా స్ప్రింట్ చేయాలి. అలా నాలుగైదు చుట్లు జరిగితే, గ్రూపులో అందరికన్నా తక్కువ బలమున్నవారు కాదు, ఆ క్షణాన చివర ఉన్న దురదృష్టవంతులు తెగిపోతారు. దానికే మనం వారికి ఫిట్‌నెస్ చాలదని పేరు పెడతాం.

కాబట్టి ముందుకు వచ్చేటప్పుడు కళ్ళు వేగం చూపే సైకిల్ కంప్యూటర్ మీద కాకుండా ఎడమ పక్కనున్న సైకిల్ మీద ఉండాలి. మీరు ఎవరిని దాటుతున్నారో వారు, మీ వెనుక చక్రం తమ ముందు చక్రాన్ని దాటిన వెంటనే “రా అన్నా” అని పిలవాలి. ఆ పిలుపు వినకుండా జరగవద్దు, తల వెనక్కి తిప్పి చూడవద్దు, ఎందుకంటే తల తిరిగిన వైపుకు హ్యాండిల్ కూడా తిరుగుతుంది. పిలుపు రాగానే మెల్లగా, ఒకే గీతలో ఎడమకు జరగండి. ముందు పూర్తిగా జరగాలి, ఆ తరువాతే పెడల్ మీద ఒత్తిడి కొంచెం తగ్గించాలి. ఈ రెండింటి క్రమం తారుమారు చేసి, కుడి వరుసలో ఉండగానే కాళ్ళు సడలించేవారి వల్లనే వెనుక చక్రాలు తగిలి మనుషులు పడతారు.

తగ్గించడం కూడా ఎంత? గంటకు ఒకటిన్నర కిలోమీటర్లు, అంతే. కాళ్ళు తిప్పడం ఆపకూడదు, బ్రేకు ముట్టకూడదు. రెండు వరుసల మధ్య అంత తేడా ఉంటే ఒక్కొక్కరు ముందు ఉండేది 5 నుంచి 7 సెకన్లే, పదిమంది గ్రూపులో మీ వంతు దాదాపు నిమిషానికొకసారి వస్తుంది. చాలామందికి ఇది మరీ తక్కువనిపిస్తుంది. ముందు రెండు మూడు నిమిషాలు లాగి, తరువాత పక్కకు తప్పుకునే ఒంటి వరుస పద్ధతే అసలైన శిక్షణ అని వాదిస్తారు. అందరూ సమాన బలం గలవారైన నలుగురి జట్టుకు అది సరిపోతుంది. బలాలు వేరు వేరుగా ఉన్న పదిమందిలో మాత్రం బలవంతులు ఎక్కువసేపు లాగి మురిసిపోతారు, బలహీనులు తమ వంతులో కరిగిపోతారు. తిరిగే వరుసలో ఎవరి వంతైనా చిన్నదే కనుక, ఒంటరిగా 34 వేగాన్ని పావుగంట కూడా నిలపలేనివారు సైతం గంటసేపు దానితో తొక్కగలుగుతారు. రేసులో బ్రేక్‌అవే, అంటే అందరినీ విడిచి ముందుకు దూసుకుపోయిన చిన్న జట్టు, బతికేదీ, విడిపోయినవారు ప్రధాన గ్రూపును తిరిగి అందుకునేదీ ఈ ఒక్క నైపుణ్యంతోనే.

వరుస చివర జరిగే మార్పు రెండో చిక్కు. మీరు ఎడమ వరుసలో వెనక్కి జారుతుండగా, కుడి వరుసలో చివరివారు మిమ్మల్ని దాటుతూ “లాస్ట్ అన్నా” అని చెప్పాలి. చెప్పకపోతే మీరు కుడివైపు ఎవరైనా ఉన్నారేమోనని వెదుకుతూ ఉండిపోతారు, ఈలోపు నాలుగు మీటర్లు తెగిపోతాయి. ఆ మాట వినగానే, వారి నడుము మీ హ్యాండిల్ పక్కకు వచ్చేసరికే కాళ్ళకు కొంచెం బలమివ్వండి; వారి వెనుక చక్రం మిమ్మల్ని దాటాక మొదలుపెడితే అప్పటికే ఆలస్యం. వేగం కలిశాక కుడికి జారి ఆ చక్రం చాటున చేరండి. నిజంగా అలసినవారు సిగ్గుపడకుండా చివర ఉండిపోయి, తమ ముందు ఖాళీ చూపి “మీరు రండి” అని చెప్పి రెండు మూడు చుట్లు ఆగవచ్చు. అలసినా తిరుగుతూ మధ్యలో ఎడం వదిలేవారికన్నా వారు గ్రూపుకు వెయ్యి రెట్లు మేలు చేస్తున్నట్టు.

ఎడం విషయంలో ఒక లెక్క గుర్తుంచుకోండి. గంటకు 36 కిలోమీటర్లంటే సెకనుకు 10 మీటర్లు. ముందు చక్రానికి మీటరు ఎడంలో ఉంటే మీకు మిగిలేది సెకనులో పదోవంతు, మనిషి చేయి బ్రేకును చేరడానికి అంతకన్నా ఎక్కువే పడుతుంది. అంటే మిమ్మల్ని కాపాడేది మీ బ్రేకు కాదు, ముందువారు హఠాత్తుగా ఏమీ చేయరన్న నమ్మకమే. కొత్తవారు మీటరున్నర ఎడంతో మొదలుపెట్టి, నెల తరువాత అరమీటరుకు రావాలి. మీ ముందు చక్రం ఎదుటివారి వెనుక చక్రం పక్కకు ఎన్నడూ చేరకూడదు. అలా చేరినప్పుడు వారు కొంచెం పక్కకు జరిగితే వారికి ఏమీ కాదు, పడేది మీరు.

ఎత్తుపల్లాలు, గుంతలు, ఆరబోసిన ధాన్యం

మన రోడ్లు చదునుగా ఉండవు. చిన్న ఎత్తు మీద వేగాన్ని కాకుండా శ్రమను ఒకే తీరుగా ఉంచండి, అంటే వేగం తగ్గనివ్వండి. దిగుడులో మాత్రం ముందున్నవారు కాళ్ళు ఆపకూడదు, ఎందుకంటే చాటున ఉన్నవారు గాలి లేక వేగంగా దొర్లి మీద పడతారు. అనంతగిరి లాంటి ఘాట్ దగ్గర వరుసను విడిచి ఎవరి బలంతో వారు ఎక్కి, పైన అందరికోసం ఆగండి.

గుంత, బ్రేకర్, కుక్క, బండి — ఈ నాలుగు కేకలు చాలు. ముందున్నవారు అరిస్తే వెనుకవారందరూ వరుసగా అందుకోవాలి. ఊళ్ళలోకి రాగానే తిరగడం ఆపి ఒంటి వరుసలోకి మారండి. వానాకాలపు పంట కోతల తరువాత రోడ్డు పక్కన వడ్లు, మక్కలు ఆరబోసి, అంచున రాళ్ళు పేర్చి ఉంచుతారు. వాటి మీద టైరు జారుతుంది, పైగా అవి ఒకరి పంట. దూరం నుంచే చూసి నెమ్మదించి, చుట్టు తిరిగి వెళ్ళండి.

ఎంతసేపు

మొదటి రైడ్లలో తిరిగే వరుసను 10 నిమిషాల చొప్పున రెండుసార్లు చేయండి, మధ్యలో 10 నిమిషాలు ఇద్దరిద్దరుగా తేలికగా తొక్కండి. డిసెంబర్ నాటికి 20 నిమిషాలవి మూడు చేయగలగాలి. చలికాలమంటే నెమ్మదిగా ఎక్కువ దూరం తొక్కే కాలమని ఐరోపా శిక్షణ పుస్తకాలు చెబుతాయి. మాన్యుమెంట్లని పిలిచే పెద్ద ఒకరోజు రేసులలో మొదటిదైన మిలాన్–సాన్ రెమో మార్చిలో జరిగే చోట, బయట మంచు కురిసే చోట ఆ సలహా సబబే. ఏడాదిలో ఒళ్ళు సహకరించే నాలుగు నెలలూ ఇవే అయినప్పుడు, ఉన్న చల్లదనాన్నంతా నెమ్మది కిలోమీటర్లకే ఖర్చుపెట్టి, గట్టి శ్రమను ఏప్రిల్ ఎండకు దాచుకోవడంలో నాకు తర్కం కనిపించదు. నెమ్మదిగా తొక్కే రోజులు వారంలో వేరే ఉండాలి, అవి ఒంటరిగా చేసుకోవాలి.

చివరి 10 కిలోమీటర్లలో ఊరి బోర్డు దాకా స్ప్రింట్ పెట్టే అలవాటును మానండి. కోకాపేట వైపు వచ్చేసరికి ట్రాఫిక్ నిండుగా ఉంటుంది. ఇడ్లీల దగ్గర కూర్చున్నప్పుడు ముందుకు రాగానే వేగం పెంచినవారెవరో మొహమాటం లేకుండా చెప్పుకుని, వచ్చే వారం వారిని మొదటి చుట్టులో వరుస చివర పెట్టండి.