మ్యాగ్ డ్రిల్ జారుతోందా? ముందు అడుగు తుడవండి

మ్యాగ్నెటిక్ డ్రిల్ (అయస్కాంతంతో ఇనుముకు అతుక్కుని రంధ్రాలు చేసే మెషిన్) పని మధ్యలో పక్కకు జారితే చాలామంది అయస్కాంతంలోని కాయిల్ (తీగ చుట్ట) పోయిందనుకుని నేరుగా రిపేరుకు పంపేస్తారు. అంత తొందర వద్దు. ముందు ప్లగ్ తీసి, అయస్కాంతం అడుగు భాగం చూడండి. అక్కడ కాస్త ఇనుప రజను అతుక్కున్నా, రంధ్రం చేసే ఇనుప ప్లేటు మీద తుప్పో మందపాటి పెయింటో ఉన్నా పట్టు బాగా తగ్గిపోతుంది. రెండూ శుభ్రంగా తుడిచి మళ్లీ పెట్టండి.

అయినా నిలవకపోతే ప్లేటు మందం కొలవండి. 10 మి.మీ. కంటే పలచన ప్లేటుకి పట్టు సరిగ్గా చాలదు. అయస్కాంతం ఉన్నచోట ప్లేటు వెనక ఇంకో మందపాటి ఇనుప ప్లేటు బిగిస్తే సరిపోతుంది. అల్యూమినియం మీదైతే ఎంత తుడిచినా లాభం లేదు, అసలు పట్టదు.

నిలువు బీమ్ మీద గానీ ఎత్తులో గానీ పని చేస్తుంటే మెషిన్ పడిపోకుండా కట్టే సేఫ్టీ చైన్ తప్పనిసరి. చాలా మెషిన్లలో కరెంటు పోగానే అయస్కాంతం వదిలేస్తుంది. మన కరెంటు సంగతి తెలిసిందే కదా!

కట్టర్‌లో బిళ్ల (రంధ్రం నుంచి తెగిన ఇనుప ముక్క) ఇరుక్కుపోతోందంటే మాత్రం పైలట్ పిన్ (కట్టర్ మధ్యలో ఉండి బిళ్లను బయటికి నెట్టే సన్నటి పిన్) వంగిందేమో, కూలెంట్ (కట్టర్‌ని చల్లబరిచే ద్రవం) ఆగిందేమో చూసుకోండి.