జట్టు ఆటల్లో ధరించే సెన్సర్లతో ఆటగాళ్ల శ్రమను కొలవడం ఎలా

ఫుట్‌బాల్, హాకీ, రగ్బీ, బాస్కెట్‌బాల్, క్రికెట్ వంటి జట్టు ఆటల్లో ఆటగాళ్ల ఒంటి మీద సెన్సర్లు ఉంచి వారి శ్రమను కొలవాలనుకుంటే, ఏ పరికరం కొనాలి అనే ప్రశ్న కన్నా ముందు, ఆ పరికరం ఇచ్చే అంకెను చూసి మీరు ఏ నిర్ణయాన్ని మార్చుకోబోతున్నారో ఒక కాగితం మీద రాసుకోండి. రేపటి సాధనను తగ్గించాలా, గాయం నుంచి కోలుకున్న ఆటగాడిని పూర్తి మ్యాచ్ ఆడించవచ్చా, మన సాధన మ్యాచ్ తీవ్రతకు దరిదాపుల్లోనైనా ఉందా అనే ప్రశ్నల్లో ఏ ఒక్కటి మిమ్మల్ని వేధిస్తున్నా సెన్సర్ ఉపయోగపడుతుంది. ప్రశ్న లేకుండా మొదలుపెడితే, ఒక్క సాధన ముగిసేసరికి ఒక్కో ఆటగాడి పేరున డజన్ల కొద్దీ అంకెలు వచ్చి పడతాయి. వాటిలో ఏది ముఖ్యమో తేల్చుకోలేక కొన్నాళ్లకు పరికరాలను పక్కన పెట్టేయడమే జరుగుతుంది.

పరికరాన్ని ఎంచుకోవడం

ఆరుబయట ఆడే ఆటలకు ఎక్కువగా వాడేది జీపీఎస్ పరికరం. అరచేతిలో ఇమిడే ఈ పరికరాన్ని, ఒంటికి బిగుతుగా పట్టి ఉండే వెస్ట్‌లో, వీపు పైభాగాన రెండు రెక్క ఎముకల మధ్య వచ్చే జేబులో పెడతారు. అక్కడైతే ఉపగ్రహ సంకేతానికి శరీరం అంతగా అడ్డురాదు, చేతుల కదలికకు పరికరమూ అడ్డురాదు. దాని లోపల జీపీఎస్‌తో పాటు, కుదుపులనూ త్వరణాన్నీ కొలిచే యాక్సెలెరోమీటర్, శరీరం తిరిగే వేగాన్ని కొలిచే గైరోస్కోప్, దిక్కును తెలిపే మాగ్నెటోమీటర్ ఉంటాయి. ఇప్పటి పరికరాల్లో జీపీఎస్ సాధారణంగా సెకనుకు 10 సార్లు కొలిస్తే, యాక్సెలెరోమీటర్ 100 సార్లు కొలుస్తుంది.

ఈ కొలతల సంఖ్యను తేలికగా తీసుకోకండి. సెకనుకు ఒకసారి కొలిచే పాత పరికరం ఆటగాడు మొత్తం ఎంత దూరం కదిలాడో ఓ మోస్తరుగా చెప్పగలదు గానీ, రెండు సెకన్లలో ముగిసిపోయే స్ప్రింట్‌ను, హఠాత్తుగా ఆగి పక్కకు తిరిగే కదలికను పట్టుకోలేదు. జట్టు ఆటల్లో అసలు శ్రమ అక్కడే ఉంటుంది కనుక సెకనుకు 10 కన్నా తక్కువ కొలతలిచ్చే పరికరాన్ని ఎంచుకోవద్దని నా సలహా. అయితే పెట్టె మీద అంతకన్నా పెద్ద అంకె కనిపించినంత మాత్రాన అది మెరుగైనదని అనుకోవలసిన పని లేదు. కొన్ని పరికరాల్లో ఆ అదనపు విలువలు నిజంగా కొలిచినవి కావు, రెండు కొలతల మధ్య లెక్కగట్టి నింపినవి. అమ్మేవారిని ఈ సంగతి నేరుగా అడగండి. వేగాన్ని స్థానాల మధ్య దూరం నుంచి లెక్కిస్తున్నారా, ఉపగ్రహ సంకేతంలోని డాప్లర్ మార్పు (కదలిక వల్ల సంకేతపు ఫ్రీక్వెన్సీలో వచ్చే తేడా) నుంచి లెక్కిస్తున్నారా అని కూడా అడగండి. వేగం విషయంలో రెండో పద్ధతి ఎక్కువ నమ్మదగినది.

ఇండోర్ స్టేడియంలో ఉపగ్రహ సంకేతం పనికిరాదు. అక్కడ హాలు చుట్టూ రిసీవర్లు బిగించి అల్ట్రా వైడ్‌బ్యాండ్ రేడియో సంకేతాలతో స్థానాన్ని కనిపెట్టే వ్యవస్థ కావాలి. అది కుదరని జట్లు యాక్సెలెరోమీటర్‌తోనూ గుండె వేగంతోనూ పని జరుపుకోవచ్చు. గుండె వేగానికి ఛాతీ పట్టీనే వాడండి. మణికట్టు పరికరం చర్మం గుండా వెలుతురును పంపి రక్తప్రవాహాన్ని గమనిస్తుంది కాబట్టి, చేతులు వేగంగా ఊగే ఆటల్లో దాని లెక్క తప్పుతూ ఉంటుంది.

కొన్ని ఆటలకు ప్రత్యేకమైన అవసరాలున్నాయి. క్రికెట్‌లో ఫాస్ట్ బౌలర్ ఎంత దూరం పరిగెత్తాడన్నదాని కన్నా ఎన్ని బంతులు, ఎంత బలంతో వేశాడన్నది ముఖ్యం, గైరోస్కోప్, యాక్సెలెరోమీటర్ కలిసి బౌలింగ్ కదలికను గుర్తించి ఆ లెక్క చెప్పగలవు. రగ్బీలో తలకు తగిలే దెబ్బల తీవ్రతను పంటి కవచంలో అమర్చిన సెన్సర్ కొలుస్తుంది, 2024 నుంచి ఆ ఆట పాలక సంస్థ వరల్డ్ రగ్బీ అత్యున్నత స్థాయి పోటీల్లో దానిని తల గాయాల పరీక్షలో భాగం చేసింది. మ్యాచ్‌లో సెన్సర్లు ధరించాలనుకుంటే పోటీ నిర్వాహకుల అనుమతి ముందే తీసుకోండి. ఫుట్‌బాల్‌లో 2015లో ఆట నియమాలను రూపొందించే సంస్థ ఐఎఫ్ఏబీ వాటిని సవరించి ఇందుకు దారి తెరిచింది గానీ, ఏ పోటీలో అనుమతించాలన్నది నిర్వాహకుల నిర్ణయానికే వదిలింది.

మైదానంలో పాటించవలసిన పద్ధతి

సెన్సర్ అంకెల్లో కనిపించే పొరపాట్లలో చాలా భాగం పరికరం లోపలివి కావు, దానిని వాడిన తీరులోనివి. ప్రతి పరికరానికీ ఒక సంఖ్య వేసి, ఒక్కో ఆటగాడికి ఒక్కటి శాశ్వతంగా కేటాయించండి. ఒకే కంపెనీ తయారుచేసిన రెండు పరికరాలను ఒకే మనిషికి కట్టినా అవి ఇచ్చే అంకెలు కొద్దిగా తేడాగా ఉంటాయి, ముఖ్యంగా త్వరణాల లెక్కలో. నిన్న ఒక పరికరం, నేడు మరొకటి ధరిస్తే, కనిపించిన మార్పు ఆటగాడిదో పరికరానిదో చెప్పలేము.

సాధనకు పదిహేను నిమిషాల ముందు పరికరాలన్నిటినీ ఆన్ చేసి, పైకప్పు లేని చోట కదలకుండా ఉంచితే అవి ఉపగ్రహాలను స్థిరంగా అందుకుంటాయి. సాధన ముగిశాక సాఫ్ట్‌వేర్‌లో ఎన్ని ఉపగ్రహాలు అందాయో, హెచ్‌డీఓపీ అనే విలువ ఎంత ఉందో చూడండి. ఉపగ్రహాలు ఆకాశంలో ఎంత చక్కగా పరచుకుని ఉన్నాయో అది చెబుతుంది, 1 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే బాగున్నట్టు. ఎత్తైన గ్యాలరీలున్న స్టేడియంలో ఈ విలువ పెరుగుతుంది, అలాంటి రోజు వచ్చిన అంకెలను మామూలు మైదానంలో వచ్చినవాటితో పోల్చడం సరికాదు. వెస్ట్ వదులుగా ఉంటే పరికరం అటూ ఇటూ ఊగి, ఆటగాడు పడని కుదుపులను కూడా లెక్కలో చేరుస్తుంది, కనుక ఎవరి కొలతకు తగిన వెస్ట్ వారికి ఇవ్వండి. ఛాతీ పట్టీలో చర్మానికి తగిలే భాగాన్ని కాస్త తడిపి కట్టుకోమని చెప్పండి.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది సమయాల నమోదు. వార్మప్ ఎప్పుడు మొదలైంది, ఒక్కో డ్రిల్ ఎప్పుడు ముగిసింది, విరామం ఎంతసేపు, ఎవరు ఎప్పుడు మైదానంలోకి దిగారు అన్నవి రాయడానికి ఒక మనిషిని ప్రత్యేకంగా నియమించండి. 120 నిమిషాల రికార్డింగ్‌లో ఒక సబ్‌స్టిట్యూట్ చివరి 30 నిమిషాలు మాత్రమే ఆడి 3,600 మీటర్లు కదిలాడనుకోండి. ఆడిన సమయంతో భాగిస్తే నిమిషానికి 120 మీటర్లు వస్తుంది, అంటే గట్టిగా పరిగెత్తాడు. మొత్తం సమయంతో భాగిస్తే నిమిషానికి 30 మీటర్లే వస్తుంది, బద్ధకంగా తిరిగినట్టు కనిపిస్తాడు. రెండు లెక్కలకూ ఆధారం ఒకే ఫైలు.

మొదటి నాలుగు వారాలు

ఈ వ్యవధిలో అంకెలను సేకరించండి, వాటి ఆధారంగా ఎవరినీ తప్పించకండి, ఎవరి సాధననూ మార్చకండి. ఒక్కొక్కరికీ మామూలు వారం ఎలా ఉంటుందో, మామూలు మ్యాచ్ ఎలా ఉంటుందో తెలియాలి. ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్ కాని ఆటగాడు పూర్తి మ్యాచ్‌లో సుమారు 10 నుంచి 13 కిలోమీటర్లు కదులుతాడు, అయితే సెంటర్ బ్యాక్ లెక్క వేరు, మిడ్‌ఫీల్డర్ లెక్క వేరు. కాబట్టి ఆటగాడిని అతని పాత అంకెలతోనే పోల్చాలి.

ఈ వారాల్లోనే, ఆటగాళ్లు అలసిపోకుండా ఉన్న ఒక రోజు చూసి, మంచి వార్మప్ తర్వాత 40 మీటర్ల స్ప్రింట్లు రెండు మూడు పెట్టి, మధ్యలో పూర్తి విశ్రాంతినిచ్చి, ఒక్కొక్కరి గరిష్ఠ వేగాన్ని నమోదు చేయండి. తర్వాత చేసే సగం లెక్కలు దీని మీదే ఆధారపడతాయి.

ఏ అంకెలు చూడాలి

మొత్తం దూరం అందరికీ తేలికగా అర్థమయ్యే అంకె, అందుకే దానికి రావలసినదానికన్నా ఎక్కువ ప్రాధాన్యం వస్తుంది. దానితో పాటు కనీసం మూడు చూడండి: అధిక వేగంతో పరిగెత్తిన దూరం, స్ప్రింట్ దూరం, గట్టిగా వేగం అందుకున్న, గట్టిగా వేగం తగ్గించిన సందర్భాల సంఖ్య. ఫుట్‌బాల్‌లో గంటకు 19.8 కిలోమీటర్లు దాటితే అధిక వేగమనీ, 25.2 దాటితే స్ప్రింట్ అనీ లెక్కించడం విస్తృతంగా ఉన్న వాడుక. కానీ గరిష్ఠంగా గంటకు 34 కిలోమీటర్లు అందుకునే వింగర్‌కు 25.2 అంటే తన శక్తిలో నాలుగింట మూడు వంతులే, 28 మించలేని ఆటగాడికి అదే వేగం తొంభై శాతం. పోటీ జట్లతో పోల్చుకోవడానికి అందరికీ ఒకటే అయిన ఈ హద్దులు పనికొస్తాయి, ఒక ఆటగాడి కండరాల మీద పడిన భారాన్ని అర్థం చేసుకోవడానికి అతని గరిష్ఠ వేగంలో శాతమే సరైన కొలమానం.

చిన్న స్థలంలో నలుగురు నలుగురుగా ఆడించే ఆటలను ఉదాహరణగా తీసుకుంటే ఈ అంకెలను కలిపి ఎందుకు చూడాలో తెలుస్తుంది. అక్కడ దూరం ఎక్కువ ఉండదు, స్ప్రింట్ గడి దాదాపు ఖాళీగా ఉంటుంది, కాబట్టి పైపైన చూస్తే తేలికపాటి సాధన అనిపిస్తుంది. త్వరణాల గడి చూస్తే, ఆటగాళ్లు ప్రతి కొన్ని సెకన్లకూ ఆగుతూ, తిరుగుతూ, మళ్లీ దూకుతూ ఉన్నారని తెలుస్తుంది. వేగాన్ని హఠాత్తుగా తగ్గించేటప్పుడు తొడ ముందు కండరాలు సాగుతూనే బిగుసుకోవలసి వస్తుంది, మర్నాటి నొప్పులకు ఇది పెద్ద కారణం. మరోవైపు, వారమంతా ఇవే ఆటలు ఆడించిన జట్టులో ఎవరూ తమ గరిష్ఠ వేగం దరిదాపులకు వెళ్లి ఉండరు. అలాంటి ఆటగాడు మ్యాచ్‌లో హఠాత్తుగా పూర్తి వేగం అందుకోవలసి వస్తే తొడ వెనుక ఉండే హామ్‌స్ట్రింగ్ కండరానికి అది అలవాటు లేని భారమవుతుంది. వారానికి ఒకటి రెండు సార్లు ప్రతి ఆటగాడూ తన గరిష్ఠ వేగంలో తొంభై శాతం దాటాడా అని చూసుకోవడం ఈ సెన్సర్ల వల్ల కలిగే చాలా విలువైన ఉపయోగాల్లో ఒకటని నేను గట్టిగా నమ్ముతాను.

సెన్సర్ చెప్పేది శరీరం చేసిన పనిని. ఆ పనికి శరీరం ఎంత మూల్యం చెల్లించిందో గుండె వేగమూ, ఆటగాడి మాటా చెబుతాయి. సాధన ముగిసిన అరగంటకు ప్రతి ఒక్కరినీ విడిగా అడిగి, శ్రమ ఎంత అనిపించిందో 0 నుంచి 10 లోపు ఒక అంకె చెప్పమనండి, దానిని సాధన నిమిషాలతో గుణించండి. 75 నిమిషాల సాధనకు 6 చెబితే ఆ రోజు భారం 450. ఖర్చు లేని ఈ పద్ధతిని మానేయకండి. ఎప్పటిలాంటి దూరం, ఎప్పటిలాంటి వేగాలే ఉండి ఆటగాడు చెప్పే అంకె మాత్రం పెరిగిందంటే, నిద్ర లేమి, జ్వరం వచ్చే సూచన, ఇంటి చికాకు వంటివి ఏవో ఉన్నట్టే, వెళ్లి మాట్లాడండి.

అంకెల నుంచి నిర్ణయానికి

ఈ వారం భారాన్ని, ఈ వారాన్ని కూడా కలుపుకున్న నాలుగు వారాల సగటుతో భాగించే పద్ధతి 2016 ప్రాంతంలో బాగా ప్రచారంలోకి వచ్చింది, ఆ నిష్పత్తి 0.8 నుంచి 1.3 మధ్య ఉంటే క్షేమమని చెప్పేవారు. తర్వాత ఆ లెక్కలోని గణిత లోపాలను పరిశోధకులు ఎత్తిచూపారు, ముఖ్యంగా ఈ వారం అంకె పైనా కిందా రెండు చోట్లా చేరడాన్ని. కనుక 1.4 కనిపించగానే గాయం వస్తుందని భయపడనక్కరలేదు, 1.1 ఉందని నిశ్చింతగా ఉండనూ కూడదు. ఒక ఆటగాడికి నాలుగు వారాల సగటు అధిక వేగ దూరం 1,200 మీటర్లు ఉండగా ఈ వారం 2,100 చేరిందంటే, ఎందుకు పెరిగిందో ఆరా తీయడానికి అది కారణం అవుతుంది, అంతవరకే దాని పని.

సాధన తీవ్రతను మ్యాచ్ సగటుతో పోల్చడం కూడా మోసపుచ్చుతుంది. సగటులో బంతి బయటికి వెళ్లిన క్షణాలు, ఫ్రీకిక్ కోసం నిలబడిన నిమిషాలు కలిసిపోతాయి. మ్యాచ్‌లో అత్యంత తీవ్రంగా గడిచిన ఒక నిమిషం, మూడు నిమిషాలు, ఐదు నిమిషాలు ఏవో సాఫ్ట్‌వేర్‌తో వెతికించి, డ్రిల్‌లను వాటితో పోల్చండి.

గాయం నుంచి తిరిగి వస్తున్నవారికి, వైద్య సిబ్బందితో కలిసి, గాయానికి ముందు నాటి సొంత అంకెలనే గమ్యంగా పెట్టుకోండి. మొదట దూరం, తర్వాత క్రమంగా వేగం, ఆపైన హఠాత్తుగా ఆగడాలూ తిరగడాలూ, చివరికి జట్టుతో పూర్తి సాధన. గరిష్ఠ వేగం దగ్గరికి పలుమార్లు వెళ్లి, మర్నాడు నొప్పి లేకుండా లేచాకే మ్యాచ్ మాట ఎత్తాలి.

సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌ను సీజన్ మధ్యలో చేయకుండా ఉండగలిగితే మంచిది. లోపలి వడపోత పద్ధతి మారితే, ఆటగాడు మారకపోయినా త్వరణాల సంఖ్య ఒక్కసారిగా మారిపోతుంది. తప్పనిసరైతే పాత ఫైళ్లను కూడా కొత్త రూపంలో మళ్లీ లెక్కించుకోండి.

ఆటగాడి అనుమతి, సమాచార భద్రత

ఎవరు ఎంత పరిగెత్తారో గోడ మీద అంటించి వరుసలు కట్టే అలవాటును నేను సమర్థించలేను. చక్కగా స్థానం పట్టుకుని తక్కువ పరిగెత్తే డిఫెండర్ ఆ పట్టికలో కింద ఉంటాడు, అవసరం లేని పరుగులు తీసేవాడు పైకి వస్తాడు, కొద్ది రోజుల్లో అందరూ అంకె కోసం పరిగెత్తడం మొదలుపెడతారు. ఆటలోని నైపుణ్యాన్నీ నిర్ణయశక్తినీ ఈ పరికరం చూడలేదు.

గుండె వేగం, నిద్ర, గాయాల వివరాలు ఆరోగ్య సమాచారం కిందికి వస్తాయి. మొదటి రోజే ప్రతి ఆటగాడికీ ఏం సేకరిస్తున్నారో, ఎవరు చూస్తారో, ఎంతకాలం ఉంచుతారో రాతపూర్వకంగా చెప్పి సమ్మతి తీసుకోండి, వద్దన్నవారిని ఒత్తిడి చేయకండి. అమెరికాలో ఎన్‌బీఏ ఆటగాళ్ల సంఘం 2017లో అమల్లోకి వచ్చిన ఒప్పందంలో, సెన్సర్ ధరించడం స్వచ్ఛందమేననీ, ఆ సమాచారాన్ని కాంట్రాక్టు బేరాల్లో వాడకూడదనీ రాయించుకుంది. ఉల్లంఘించిన జట్టుకు 2,50,000 డాలర్ల వరకు జరిమానా అని ఆ ఒప్పందం చెప్పింది. చిన్న జట్లకు అంత పెద్ద ఒప్పందం అవసరం లేదు, ఒక పేజీ చాలు. ఆటగాడు అడిగినప్పుడు అతని అంకెలు అతనికి చూపించాలని, జట్టు మారేటప్పుడు ఒక ప్రతిని అతనికి ఇవ్వాలని, అతని అనుమతి లేకుండా కొత్త జట్టుకు పంపకూడదని ఆ పేజీలో తప్పక రాయండి.