పాత చేతక్ స్కూటర్‌ని ఏడాదంతా ఆగకుండా నడపడం ఎలా?

మా నాన్న 1991లో కొన్న బజాజ్ చేతక్ ఇప్పటికీ విశాఖలో మా ఇంటి వరండాలోనే ఉంటుంది. వారంలో నాలుగు రోజులు దాని మీదే తిరుగుతాను. 145 సీసీ టూ స్ట్రోక్ ఇంజిన్, ఎడమ చేతిలో క్లచ్, గేర్లు, 10 అంగుళాల చక్రాలు. 1972లో మొదలైన ఈ బండి తయారీ ఆగిపోయి చాలా ఏళ్లయింది. 2020 నుంచి చేతక్ పేరుతో అమ్ముతున్నది ఎలక్ట్రిక్ స్కూటర్. పాతదాన్నే ప్రేమగా నడుపుకునేవాళ్లకు కాలం మారినప్పుడల్లా ఒక ఇబ్బంది, ఒక సంతోషం కలిసే వస్తాయి. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఏంటంటే, వానకు ఆగిపోయే బండిని ఎండాకాలంలో, చలికి మొరాయించే బండిని వానాకాలంలో చూసుకోవాలి. ఎల్ఎమ్ఎల్ వెస్పా ఉన్నవాళ్లకూ ఇందులో చాలావరకు పనికొస్తుంది.

1. ఉగాదికి: ఇంజిన్‌కి గాలి ఆడేలా చూడండి

చేతక్ ఇంజిన్ మూత కింద దాక్కుని ఉంటుంది. ఎదురుగాలి దానికి నేరుగా తగలదు. ఇంజిన్‌తో పాటు తిరుగుతూ కరెంటు పుట్టించే మాగ్నెట్‌కి ఉన్న ఫ్యాన్ రెక్కలే గాలిని ఇంజిన్ మీదికి తోస్తాయి. ఆయిల్ చెమ్మకు దుమ్ము అంటుకుని ఇంజిన్ మడతల మధ్య గట్టిగా పేరుకుంటే ఆ గాలి లోపలికి పోదు. కాబట్టి పక్క డోర్ తీసి, పైన రేకు కవర్ విప్పించి, కిరోసిన్, పాత బ్రష్షుతో శుభ్రం చేయించండి. ఏడాదికి ఒక్కసారి చాలు.

తర్వాత ఆయిల్. టూ స్ట్రోక్ ఇంజిన్‌కి ఆయిల్ పెట్రోల్‌తో కలిసే అందుతుంది. లీటరు పెట్రోల్‌కి 20 మిల్లీలీటర్ల టూటీ (టూ స్ట్రోక్) ఆయిల్, అంటే 2 శాతం. ఒకప్పుడు బంకులోనే ఆయిల్ కలిపి పోసేవాళ్లు. ఇప్పుడు డిక్కీలో ఆయిల్ డబ్బా, కొలత గ్లాసు మనమే పెట్టుకోవాలి. ఎండలు ముదిరాయని ఇంకాస్త ఎక్కువ పోసేవాళ్లను చూస్తుంటాను. దయచేసి అలా చేయకండి. ఎక్కువైన ఆయిల్ మసిగా మారి ప్లగ్గునీ (పెట్రోల్‌ని మండించే నిప్పురవ్వ ఇచ్చేది) సైలెన్సర్‌నీ పూడ్చేస్తుంది. కొలత సరిపోయిందో లేదో ప్లగ్గే చెబుతుంది: కాఫీ పొడి రంగులో ఉంటే బాగున్నట్టు, నల్లగా తడిగా ఉంటే ఆయిల్ గానీ పెట్రోల్ గానీ ఎక్కువైనట్టు, తెల్లగా పాలిపోతే ఇంజిన్ అతిగా వేడెక్కుతున్నట్టు.

రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మధ్యాహ్నం దూర ప్రయాణం పెట్టుకోకండి. తప్పదంటే 30, 40 కిలోమీటర్లకొకసారి చెట్టు కింద పది నిమిషాలు ఆపండి. నడుస్తూ నడుస్తూ బండిని వెనక నుంచి ఎవరో పట్టి లాగుతున్నట్టు అనిపిస్తే ఇంజిన్ పట్టేయబోతోందని అర్థం. ఆ క్షణమే క్లచ్ నొక్కి పక్కకు రండి. అలా కాకుండా బండి కొంత దూరం పోయి ఆగి, పెట్రోల్ మూత తెరవగానే మళ్లీ స్టార్ట్ అవుతుంటే, మూతలో ఉండే సన్నటి గాలి రంధ్రం పూడిపోయిందన్నమాట. సూదితో పొడిస్తే చాలు.

2. మృగశిరకు ముందే: వానకు సిద్ధం చేయండి

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ ఇక్కడే కావాలి. కొన్నేళ్ల క్రితం జూన్‌లో మొదటి వానకే మా బండి నడిరోడ్డు మీద ఆగింది. మెకానిక్ కార్బొరేటర్ విప్పాడు, జెట్టు మార్చాడు, డబ్బులు తీసుకున్నాడు. రెండో వానకు మళ్లీ ఆగింది. చివరికి తేలింది ప్లగ్ క్యాప్‌లో వెంట్రుకంత పగులు. చెమ్మ తగిలితే కరెంటు ప్లగ్గుకి పోకుండా అక్కడినుంచే బయటికి దూకుతోంది.

దాన్ని ముందే పట్టుకునే పద్ధతి ఒకటి ఉంది. మే నెలాఖరులో రాత్రిపూట లైట్లు ఆర్పి, బండి స్టార్ట్ చేసి, పక్క డోర్ తీసి, ప్లగ్ వైరు మీద కొద్దిగా నీళ్లు చిలకరించండి. చేత్తో మాత్రం ముట్టుకోవద్దు. ఎక్కడైనా నీలం మెరుపులు కనిపిస్తే వైరు, క్యాప్ రెండూ మార్చేయండి. ఖర్చు చాలా తక్కువ.

తర్వాత కాళ్లు పెట్టుకునే చోట రబ్బరు మ్యాట్ ఎత్తి చూడండి. చేతక్‌ది రేకు శరీరం, విడిగా ఫ్రేమ్ ఉండదు. మ్యాట్ కింద నిలిచిన తడి ఆ రేకునే తినేస్తుంది. మా ఊళ్లో సముద్రపు గాలి ఉప్పు కూడా తోడవుతుంది కాబట్టి తుప్పు గీకించి, ప్రైమర్, పెయింట్ వేయించడం మాకు ప్రతి ఏడూ ఉన్న పనే. క్లచ్, గేర్ కేబుళ్లలో నాలుగు చుక్కల ఆయిల్ కూడా అప్పుడే వేయండి.

నీళ్లు నిలిచిన రోడ్డు మీద ఈ చిన్న చక్రాలకు ప్రతి గుంతా ప్రమాదమే. అడుగు కనిపించకపోతే, నీళ్లు చక్రం నడిమికి వచ్చేలా ఉంటే వెనక్కి తిరగండి. నీళ్లలో ఇంజిన్ ఆగితే అక్కడే కిక్ కొట్టొద్దు. పొడి చోటికి తోసుకెళ్లి, ప్లగ్గు విప్పి, ప్లగ్గు లేకుండానే పది కిక్కులు కొట్టండి. లోపలి నీళ్లు బయటికి పోతాయి. ప్లగ్గు తుడిచి బిగించి అప్పుడు ప్రయత్నించండి. నీళ్లు దాటాక బ్రేకులు పట్టవు. నెమ్మదిగా పోతూ కొంత దూరం బ్రేకు తేలిగ్గా నొక్కి ఉంచితే ఆరతాయి.

ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలో చెమ్మను పీల్చుకుంటుంది. బండి వారాల తరబడి కదలకపోతే నీళ్లు, ఇథనాల్ కలిసి ట్యాంకు అడుగుకు దిగుతాయి. పెట్రోల్ ట్యాప్ ఉండేదీ అక్కడే. ఆయిల్ పైన ఉండిపోతుంది కాబట్టి ఇంజిన్‌కి అది రెట్టింపు నష్టం. నెల దాటి నిలిపేట్టయితే ట్యాంకు ఖాళీ చేయండి. రోజూ నడిపేవాళ్లు కూడా దిగేముందు ట్యాప్ కట్టేసే అలవాటు చేసుకోండి.

మాకు వాన జూన్, జూలైలతో పోదు. అక్టోబర్, నవంబర్లలో తుఫాన్లూ ఉంటాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా వీధికి రోజుల తరబడి కరెంటు లేదు. చెట్టు కొమ్మల కింద నుంచి బయటికి లాగిన చేతక్ మూడో కిక్కుకి స్టార్ట్ అయింది. దాని మీదే వీధి మొత్తానికి మంచినీళ్ల డబ్బాలు మోశాను. ఆ రోజు నుంచి దాన్ని అమ్మేయమని మా ఇంట్లో ఎవరూ అనలేదు.

3. దీపావళి దాటాక: చలికి, ఘాట్ రోడ్డుకి

పొద్దున్నే స్టార్ట్ కాకపోతే బండిని ఓ పక్కకు వంచి లేపడం మన నాన్నల కాలం నాటి అలవాటు. అవసరం లేదు. ట్యాప్ తెరిచి, చోక్ లాగి, ఎక్సలేటర్ ముట్టుకోకుండా కిక్‌ని రెండుసార్లు మెల్లగా నొక్కి, మూడోసారి గట్టిగా కొట్టండి. అర నిమిషం తిరగనిచ్చి చోక్ మూసేయండి. అప్పటికీ లేవకపోతే ప్లగ్గు తుడవండి. సైలెన్సర్ మసితో పూడి ఉంటే ఈ నెలల్లోనే శుభ్రం చేయించండి. రిజిస్ట్రేషన్ తేదీ కూడా చూసుకోండి: మొదటి 15 ఏళ్లు దాటాక అయిదేళ్లకొకసారి రెన్యూ చేయించాలి.

ఇక అరకు. చల్లటి గాలి చిక్కగా ఉంటుంది కాబట్టి టూ స్ట్రోక్ ఇంజిన్ డిసెంబర్‌లో లాగినట్టు మరే నెలలోనూ లాగదు. శృంగవరపుకోట దాటి ఘాట్ మొదలయ్యాక రెండో గేరులో అది చేసే శబ్దం కోసమే నేను ఏడాదంతా ఎదురుచూస్తాను. అయితే తెల్లవారకముందు బయల్దేరకండి. హెడ్‌లైట్ మాగ్నెట్ నుంచి వచ్చే కరెంటుతో వెలుగుతుంది. మలుపులో వేగం తగ్గితే వెలుగూ తగ్గుతుంది. మంచులో అది చాలదు.

డిక్కీలో కొత్త ప్లగ్గు, ప్లగ్ స్పానర్, ఒక క్లచ్ కేబుల్, ఒక గేర్ కేబుల్, ఆయిల్ డబ్బా ఉండాలి. స్టెప్నీలో గాలి చూసుకోండి. ఈ బండికి చైన్ లేదు, చక్రం కారు చక్రంలా నట్లు విప్పితే వచ్చేస్తుంది. పంక్చరైతే పది నిమిషాల్లో మార్చేసుకోవచ్చు.

తిరిగి దిగేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఎక్సలేటర్ పూర్తిగా వదిలేసి కిలోమీటర్ల కొద్దీ దిగితే పెట్రోల్ పోదు, దాంతోపాటు పోవాల్సిన ఆయిల్ కూడా పోదు. ఇంజిన్ మాత్రం గేరులో గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. అందుకే ప్రతి రెండు మూడు మలుపులకొకసారి క్లచ్ నొక్కి ఎక్సలేటర్ కాస్త తిప్పి వదలండి. వెనక సైలెన్సర్ నుంచి సన్నగా పొగ కనిపిస్తే ఆయిల్ అందినట్టే.