జర్మన్ తేదీలో అంకె పక్కన చుక్కను వదలకండి

జర్మన్ నేర్చుకునేవారు తేదీ రాసేటప్పుడు అంకె తరువాత చుక్క పెట్టడం మరవకూడదు. ఆ చుక్క మన 'వ' ప్రత్యయం చేసే పనే చేస్తుంది. '3. అక్టోబర్' అని రాసి ఉంటే మూడుకు సమానమైన 'డ్రై' అని కాక, మూడవ అనే అర్థంలో 'డ్రిట్టె' అని చదవాలి; 'ఫలానా తేదీన' అనే అర్థమిచ్చే 'ఆమ్' ముందుంటే అది 'డ్రిట్టెన్' అవుతుంది.

19 వరకు సంఖ్య చివర 'టె', 20 నుంచి 'స్టె' చేర్చితే చాలు. ఒకటి, మూడు, ఏడు, ఎనిమిది మాత్రం దారి తప్పుతాయి కాబట్టి 'ఏర్స్టె', 'డ్రిట్టె', 'జీప్టె', 'ఆఖ్టె' అనే రూపాలను కంఠతా పట్టడమే మేలు.

మనం 'మొదలు' నుంచి 'మొదటి' అన్నట్లే, 'ఏర్స్టె' కూడా ఒకటి అనే మాట నుంచి కాక 'అందరికన్నా ముందు' అనే అర్థం నుంచి పుట్టింది. రెండవకు పూర్వం 'ఆండర్' అనేవారు. స్వీడిష్‌లో నేటికీ 'ఆంద్ర' అనే అంటారు. జర్మన్‌లో ఒకటిన్నరను 'ఆండర్ట్‌హాల్బ్' అనడానికి కారణం ఇదే: మొదటిది పూర్తిగా, రెండవది సగం.