ప్లే నొక్కే ముందు: ఇంటి పాఠాలకు వీడియోలు ఏరుకునేవారికి జాగ్రత్తలు

కొత్త విద్యా సంవత్సరం మొదలయ్యే రెండు మూడు వారాల ముందే వీడియోల పని తెమల్చుకోవాలి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని పాఠం మధ్యలో వెతకడం మొదలుపెడితే, అగ్నిపర్వతం కోసం వెళ్లినవాళ్లం అరగంట తర్వాత పిల్లికూనల దగ్గర తేలతాం.

చెత్త వీడియోలతో పెద్ద బెంగ లేదు, నిమిషంలో దొరికిపోతాయి. బాగున్నవాటితోనే తంటా. యూట్యూబ్‌లో వెరిటాసియం అనే సైన్సు ఛానెల్ నడిపే డెరెక్ ముల్లర్ 2008లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసింది భౌతికశాస్త్ర వీడియోల మీదే. స్పష్టంగా, నున్నగా వివరించే వీడియో చూసిన విద్యార్థులు బాగా అర్థమైందన్నారు. తీరా పరీక్ష పెడితే మార్కులు పెద్దగా పెరగలేదు. తమకు ముందునుంచీ ఉన్న తప్పు అభిప్రాయాన్నే వీడియో కూడా చెప్పిందనుకున్నారు! ఆ తప్పును ముందు బయటపెట్టి, అది ఎందుకు తప్పో చూపించిన వీడియోలు చూసినవాళ్లకు కాస్త తికమకగా అనిపించింది కానీ, నేర్చుకున్నది ఎక్కువ.

అందుకే ప్లే నొక్కే ముందు ఒక ప్రశ్న అడగండి. రుతువుల పాఠం ఉందనుకోండి. వేసవి ఎందుకొస్తుందంటే చాలామంది పిల్లలు, ఆమాటకొస్తే పెద్దలు కూడా, భూమి సూర్యుడికి దగ్గరవుతుంది కాబట్టి అంటారు. ఆ జవాబును కాగితం మీద రాయించి ఎదురుగా పెట్టండి. నిజానికి భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, అంటే ఉత్తరార్ధగోళంలో చలికాలంలో. వీడియోలో రుతువులకు అసలు కారణమైన భూమి అక్షం 23.5 డిగ్రీల వాలు సంగతి వచ్చేసరికి పిల్లలు తమ కాగితంతో తామే తగువు పడతారు. కాగితం లేకపోతే తలూపుతూ చూసేస్తారు, అంతే.

చరిత్రకు జాగ్రత్త వేరు. తెర మీద కదిలేదంతా సాక్ష్యం కాదు. 1903 డిసెంబరు 17న రైట్ సోదరుల విమానం మొదటిసారి 12 సెకన్ల పాటు, 120 అడుగుల దూరం ఎగిరినప్పుడు ఒక ఫొటో తీశారు. సినిమా కెమెరాతో మాత్రం ఎవరూ తీయలేదు. కాబట్టి ఆ రోజు ఫిల్మ్ అంటూ ఏదైనా కనిపిస్తే, అది తర్వాతి ఏళ్లలో ఎగిరినప్పటిదైనా కావాలి, నటించి తీసిందో ఏఐతో చేసిందో అయినా కావాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో జరిగిన సోమ్ పోరు మీద 1916లో వచ్చిన డాక్యుమెంటరీలో సైనికులు కందకంలోంచి పైకెక్కి దూకే దృశ్యం ఇప్పటికీ నిజమైనదిగా చెలామణీ అవుతోంది. అది యుద్ధరంగానికి దూరంగా, కావాలని చేయించి తీసింది. పాత మూగ ఫిల్ములకు రంగులు, చప్పుళ్లు అద్దినవైతే లెక్కే లేదు. 'ఇది ఎవరు తీశారు? ఎప్పుడు?' అని పిల్లలచేత అడిగించండి.

ఒకప్పుడు సినిమాహాళ్లకు వార్తాచిత్రాలు తీసిన బ్రిటిష్ పాథే సంస్థ 2014లో దాదాపు 85,000 పాత వార్తాచిత్రాలను యూట్యూబ్‌లో పెట్టింది. నాకు అవంటే ఇష్టం. కానీ వాటిలో వ్యాఖ్యానం ఆనాటి బ్రిటిష్ సామ్రాజ్యం గొంతు. ఒకసారి శబ్దం ఆపేసి బొమ్మ మాత్రమే చూపించి, తర్వాత గొంతుతో చూపిస్తే తేడా పిల్లలే పట్టేస్తారు.

సైన్సు ప్రయోగాల వీడియోలు మాత్రం మీరు ఒంటరిగా, చివరిదాకా చూడనిదే పిల్లల కంట పడనివ్వకండి. మెథనాల్ అనే, ఇట్టే అంటుకునే ద్రవం పోసి రంగురంగుల మంటలు చూపించే ప్రయోగం బడుల్లోనే పిల్లల ఒళ్లు కాల్చింది. తెరిచి ఉన్న బల్ల మీద దాన్ని చేయవద్దని అమెరికన్ కెమికల్ సొసైటీ 2014లోనే హెచ్చరించింది. మైక్రోవేవ్ ఓవెన్ ట్రాన్స్‌ఫార్మర్‌తో చెక్క మీద మెరుపుల బొమ్మలు కాల్చే ప్రయత్నంలో మనుషులే చనిపోయారు. బ్లీచ్‌లో వెనిగర్ కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది. వంటింటి సీసాలే కదా అనిపిస్తుంది, అక్కడే ప్రమాదం.

ఇంట్లో చేయకూడనివాటికి వీడియో నిజంగా వరం. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వాళ్లు రసాయన మూలకాల మీద చేసే పీరియాడిక్ వీడియోస్‌లో సీజియం అనే లోహం నీళ్లలో ఏం చేస్తుందో హాయిగా కూర్చుని చూడొచ్చు. గింజ మొలకెత్తడానికి వీడియో ఎందుకు? తడిగుడ్డలో నాలుగు గింజలు చుట్టి పెట్టండి.

వీడియో ఎప్పటిదో కూడా చూడాలి. ప్లూటోను గ్రహాల జాబితాలోంచి తీసేసింది 2006లో. శని ఉపగ్రహాల లెక్క 2025లో 274కి చేరింది, కొన్నేళ్ల కిందటి వీడియోలో వందలోపే చెప్తారు.

ఇక సెట్టింగులు. ఆటోప్లే ఆపేయండి. యూట్యూబ్‌లో 'పిల్లల కోసం' అని ఉన్న గుర్తును చూసి నిశ్చింతగా ఉండకండి. అది ప్రకటనలకు, పిల్లల సమాచార సేకరణకు సంబంధించిన నిబంధన, వీడియోలో చెప్పింది నిజమో కాదో ఎవరూ పరీక్షించినట్టు కాదు. ఒక్కో పాఠానికి ఒకటే వీడియో చాలు, దాన్ని ఎక్కడ ఆపి ప్రశ్న అడగాలో నిమిషంతో సహా రాసి పెట్టుకోండి. వీడియోలు ఉన్నట్టుండి మాయమవుతుంటాయి కాబట్టి పక్కన ఇంకో లింకు ఉంచుకోండి. ముందు రోజు రాత్రి రెండూ తెరుచుకుంటున్నాయో లేదో చూసుకుని పడుకోండి.