నాన్న బీపీ మాత్ర మానేస్తే ముందు ఏం అడగాలి

మా నాన్న విశాఖ పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. గోపాలపట్నంలో మా ఇల్లు. ఒకరోజు బీరువా సర్దుతుంటే మూడు బీపీ మాత్రల షీట్లు చెక్కుచెదరకుండా దొరికాయి. 170/100 ఉన్న మనిషి! నేను ఆంధ్రా యూనివర్సిటీలో సైకాలజీ ఎంఏ చదివాను. అయినా ఆ క్షణంలో గట్టిగా అరిచేశాను. నాన్న ఏమీ అనకుండా వరండాలోకి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఆయన మాత్ర వేసుకోలేదు సరికదా, నాతో మాట్లాడటం కూడా తగ్గించేశారు.

అప్పుడు అరవడం మానేసి అడగడం మొదలుపెట్టాను. మీ ఇంట్లోనూ ఇలాంటి పరిస్థితి ఉంటే ఈ దారి పట్టండి.

ముందు మందు సంగతి ఎత్తకండి, జబ్బు సంగతి అడగండి. హోవర్డ్ లెవెంథాల్ అనే అమెరికన్ సైకాలజిస్టు చెప్పినదాని ప్రకారం, ప్రతి ఒక్కరికీ తన జబ్బు గురించి సొంత లెక్క ఒకటి ఉంటుంది. ఇదేం జబ్బు, దేనివల్ల వచ్చింది, ఎన్నాళ్లుంటుంది, నన్నేం చేస్తుంది, తగ్గుతుందా? ఈ ఐదింటికీ మనిషి తనలో తాను జవాబులు చెప్పుకుంటాడు. డాక్టర్ ఏం చెప్పినా నడుచుకునేది ఆ జవాబుల ప్రకారమే.

అన్నం దగ్గర, నలుగురి ముందు అడగొద్దు. నేను ఆదివారం తెల్లవారుజామున నాన్నను బండి మీద ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లాను. ఆ వేళ బీచ్ రోడ్డులో వాహనాలు ఆపేస్తారు, ప్రశాంతంగా నడవొచ్చు. పక్కపక్కన నడుస్తుంటే ఎదురెదురుగా కూర్చున్నంత బెరుకు ఉండదు. "బీపీ అంటే మీకేమనిపిస్తుంది నాన్నా?" అన్నాను.

"డ్యూటీ టెన్షన్ వల్ల వచ్చిందమ్మా. ఇప్పుడు డ్యూటీ లేదు కదేటి? తలనొప్పీ లేదు. ఇంక మందెందుకు?"

ఆయన లెక్కలో జబ్బు పోయింది కాబట్టి మందు మానేశారు. అందులో మొండితనం ఏమీ లేదు. అక్కడికక్కడే సరిదిద్దాలని నాకు నోటిదాకా వచ్చింది. ఆగాను. మీరూ ఐదూ వినేదాకా ఆగండి.

తలనొప్పి లేకపోతే బీపీ లేనట్టే అనుకోవడం మా నాన్న ఒక్కరి సంగతి కాదు. 1985లో లెవెంథాల్ బృందం ప్రచురించిన పరిశోధనలో, బీపీ పెరిగితే జనానికి తెలియదని ఒప్పుకున్న రోగుల్లోనే చాలామంది "నాకు మాత్రం తెలుస్తుంది" అన్నారు. ఈ నమ్మకం వాదనతో పోదు, వాళ్ల అంకెలు వాళ్లే చూసుకోవాలి.

అందుకే రెండో పని, ఇంట్లో బీపీ మిషన్, ఒక నోటుబుక్కు. చూసుకునే ముందు అరగంట టీ, కాఫీ, సిగరెట్టు వద్దు. ఐదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. పొద్దునా సాయంత్రం వారం రోజులు అంకె రాయాలి, పక్కనే ఒంట్లో ఎలా ఉందో కూడా రాయాలి. నాన్న "హాయిగా ఉంది" అని రాసిన రోజు పై అంకె 164. ఆ పేజీని చాలాసేపు చూశారు. ఈ పుస్తకం డాక్టర్‌కి చూపించండి. ఆస్పత్రిలో కంగారుకే బీపీ పెరిగేవాళ్లు ఉంటారు కాబట్టి ఇంటి అంకెలు డాక్టర్‌కీ పనికొస్తాయి. వాటిని చూసి మందు మీరే పెంచడం, తగ్గించడం మాత్రం చేయకండి.

మూడోది నేను ఆలస్యంగా అడిగాను: "వేసుకుంటే ఇబ్బందేమైనా ఉందా?" 1950లలో అమెరికాలో టీబీకి ఎక్స్‌రేలు ఉచితంగా, ఇళ్ల దగ్గరికే బండ్లు తెచ్చి తీసినా చాలామంది రాలేదు. ఎందుకని వెతికితే, మనుషులు ప్రమాదంతో పాటు తమకు కలిగే ఇబ్బందినీ తూకం వేస్తారని తేలింది. నాన్న ఇబ్బంది ఏమిటంటే, ఆయన బీపీ మాత్రల్లో ఒకటి ఒంట్లో నీరు తీసే మాత్ర. పూర్ణా మార్కెట్‌కి బస్సులో వెళ్తుంటే మధ్యలో మూత్రం ఆపుకోలేకపోయేవారు. కూతురికి ఎలా చెప్పుకుంటారు? ఇది విన్నప్పుడు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. డాక్టర్‌కి చెబితే ఆ మాత్ర మార్చారు. మీ ఇంట్లో కూతురికి చెప్పలేనిది అల్లుడికో తమ్ముడికో చెప్పవచ్చు, వాళ్లతో అడిగించండి.

ఇక మర్చిపోవడం. "రోజూ వేసుకుంటాను" అనే మాట నిలవదు. పీటర్ గోల్విట్జర్ అనే సైకాలజిస్టు 1999లో రాసినట్టు, "ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను" అని ముడివేసుకుంటే పని జరిగే అవకాశం పెరుగుతుంది. ఆ ముడి వాళ్లే ఎంచుకోవాలి. నాన్న ఎంచుకున్నది: "పాల ప్యాకెట్ లోపలికి తేగానే మాత్ర."

ఒక జాగ్రత్త. ఛాతీలో నొప్పి, మాట తడబడటం, ఒక పక్క చెయ్యి కాలు పడిపోవడం లాంటివి కనిపిస్తే ఈ ప్రశ్నలేవీ వద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి. జబ్బు తెలిసినప్పటి నుంచి నిద్ర లేకుండా, దేనిమీదా ఆసక్తి లేకుండా కుంగిపోతుంటే 14416కి చేయండి. అది ప్రభుత్వ టెలిమానస్, ఫోన్‌లోనే మానసిక సాయం అందుతుంది.

శ్రీకాకుళంలో మా ఊరు వెళ్తే అక్కడ పాల ప్యాకెట్ ఉండదు, పాలు పితికి తెస్తారు. మొదటిసారి వెళ్లినప్పుడు రెండు రోజులు మాత్ర తప్పిపోయింది. ఇప్పుడు ఊరి బ్యాగులో షీటును టూత్ బ్రష్‌కి రబ్బరు బ్యాండుతో కట్టి పెడుతున్నారు నాన్న.