సైకాలజీ చదువుతూ ఇంటర్న్‌షిప్ చేయబోతున్నారా? ముందు ఇవి చూసుకోండి

సైకాలజీ డిగ్రీలో రెండో ఏడాదికి వచ్చేసరికి అందరికీ ఒకటే టెన్షన్, ఇంటర్న్‌షిప్ ఎక్కడ దొరుకుతుందా అని. వాట్సాప్ గ్రూపుల్లో పోస్టర్లు తిరుగుతుంటాయి: పదిహేను రోజులు, అంతా ఆన్‌లైన్, ఫీజు కడితే చాలు, చివర్లో సర్టిఫికెట్‌తో పాటు రికమండేషన్ లెటర్ కూడా. వీటికి డబ్బు తగలేయకండి. మీ మొహం కూడా చూడనివాళ్లు ఇచ్చే రికమండేషన్‌ని ఎవరు నమ్ముతారు?

చోటు వెతికేటప్పుడు ముందు అడగాల్సింది ఒక్కటే, అక్కడ నా పని చూసి దిద్దేది ఎవరని. పెద్ద ఆసుపత్రి పేరు రెజ్యూమేలో బాగానే ఉంటుంది, కానీ నెలంతా ఫైళ్లు సర్దుతూ జిరాక్సులు తీస్తూ గడిపేకంటే, వారానికో గంట ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడే సైకాలజిస్టు ఉన్న చిన్న స్పెషల్ స్కూలు ఎంతో నయం. మొహమాటపడకుండా చేరకముందే అడిగేయండి: సూపర్‌వైజర్ ఎవరు, వారానికి ఎంతసేపు దొరుకుతారు, నన్ను ఏ పనులు చేయనిస్తారు?

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రి, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984 నుంచి నడుస్తున్న జాతీయ సంస్థ నీపిడ్, ఇవన్నీ అడిగి చూడదగ్గ చోట్లే. ప్రభుత్వ సంస్థల్లో కాలేజీ లెటర్ లేకుండా పని జరగదు, పైగా అనుమతి రావడానికి టైమ్ పడుతుంది కాబట్టి రెండు మూడు నెలల ముందే మీ హెచ్‌ఓడీ దగ్గర మొదలుపెట్టండి. ఇంట్లో "పిచ్చాసుపత్రికా?" అని కంగారు పడతారు, అది మామూలే, ఓపీలో విద్యార్థులు ఏం చేస్తారో వివరించి చెబితే సర్దుకుంటారు. అందరూ క్లినికల్ వైపే పోవాలనేం లేదు. డీ-అడిక్షన్ సెంటర్లు, వృద్ధాశ్రమాలు, స్కూళ్లు, కంపెనీల హెచ్‌ఆర్ విభాగాలు కూడా ఉన్నాయి.

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి వచ్చిన కొత్త సిలబస్‌తో డిగ్రీలో మొత్తం 10 నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు, అందులో మొదటి ఏడాది అయ్యాక చేసేది కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్. చాలామంది దాన్ని మొక్కుబడిగా ముగించేస్తారు. సర్వే ఫారాలు హాస్టల్ గదిలో కూర్చుని నింపేసేవాళ్లూ ఉన్నారు, ఎవరో మీకే తెలుసు. సైకాలజీ వాళ్లకైతే అది బంగారంలాంటి అవకాశం. ఊళ్లో ఎవరికైనా నిద్ర పట్టకపోతే, గుండె దడగా ఉంటే మొదట ఎవరి దగ్గరికి వెళ్తున్నారు, ఆర్‌ఎంపీ దగ్గరికా, దర్గాకా, గుడికా? 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 గురించి ఎంతమంది విన్నారు? ఈ రెండు ప్రశ్నలతోనే మంచి రిపోర్టు రాయొచ్చు.

ఇక అసలు సంగతి, డైరీ. అనుభవం దానంతటదే ఏమీ నేర్పదు, ఏ రోజుది ఆ రోజు రాసుకుని ఎవరితోనైనా చర్చిస్తేనే నేర్పుతుంది.

ఉదాహరణకి పిల్లల తెలివితేటల్ని అంచనా వేసే సెగ్విన్ ఫార్మ్ బోర్డు పరీక్ష. పది చెక్క ముక్కలు, వాటి ఆకారాలకు తగ్గ గుంటలున్న ఒక పలక. పిల్లవాడు మూడుసార్లు అమరుస్తాడు, అందులో తక్కువ పట్టిన టైమ్ లెక్కలోకి తీసుకుంటారు. కొత్తగా చేరినవాళ్ల చూపంతా స్టాప్‌వాచ్ మీదే ఉంటుంది. మీరు పిల్లవాడిని చూడండి. నక్షత్రం ముక్క పట్టుకుని కనబడిన ప్రతి గుంటలో పెట్టి చూస్తున్నాడా, లేక ముందు పలకంతా ఒకసారి చూసి పెడుతున్నాడా? ప్రతి ముక్కకీ తల్లి మొహంలోకి చూస్తున్నాడా? తల్లి కళ్లతోనే చోటు చూపించేస్తోందా? సాయంత్రం డైరీలో "శ్రద్ధ లేదు" అని రాయకండి, అది మీ తీర్పు. "రెండోసారి నాలుగు ముక్కలు పెట్టాక ఫ్యాన్ వైపు చూస్తూ ఉండిపోయాడు, పేరు పెట్టి పిలిస్తే మళ్లీ మొదలుపెట్టాడు" అని రాయండి. దాని కింద సూపర్‌వైజర్‌ని అడగాల్సిన ప్రశ్న ఒకటి, పుస్తకంలో చదివిన దేనితో ముడిపడుతుందో ఒక వాక్యం. ఫస్టియర్‌లో మార్కుల కోసం బట్టీ పట్టిన థార్న్‌డైక్ యత్నదోష అభ్యసనం, అంటే ప్రయత్నిస్తూ తప్పులు చేస్తూ నేర్చుకోవడం, ఇక్కడ కళ్లముందే కనిపిస్తుంది.

డైరీలో పేర్లు రాయొద్దు. పేరు తీసేసి "ఫలానా ఊరి సర్పంచ్ గారి చిన్నబ్బాయి" అని రాసినా పేరు రాసినట్టే. వార్డులో సెల్ఫీలు, స్టేటస్‌లు అసలే వద్దు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 గోప్యతను రోగి హక్కుగా చెబుతోంది. అలాగని పిల్లలకు "ఎవరికీ చెప్పను" అని మాట ఇచ్చేయకండి. ఎవరైనా పాప తనపై లైంగిక వేధింపు జరిగిందని చెబితే ఆ విషయం అధికారులకు తెలియజేయడం 2012 పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి, కాబట్టి ఆ నిమిషమే సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లండి. ఆత్మహత్య మాట వినబడినా అంతే.

తెల్లకోటు లేకపోయినా చేతిలో ఫైలుంటే చాలు, జనం మిమ్మల్ని డాక్టరమ్మా అనేస్తారు. "మందులు వేసుకుంటే మత్తుగా ఉంటోందమ్మా, ఆపేయమంటావా?" అని అడుగుతారు. "నేను స్టూడెంట్‌నండి, డాక్టర్ గారితో చెబుదాం రండి" అని తీసుకెళ్లండి. డిగ్రీ విద్యార్థి పని చూడటం, వినడం, రాయడం, చెప్పినంతవరకు సాయం చేయడం. క్లినికల్ సైకాలజిస్టుగా ప్రాక్టీస్ చేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉండాలి, దానికింకా చాలా చదువుంది. ఎవరి కథైనా విన్నాక ఇంటికొచ్చినా మనసులోంచి పోకపోతే అది కూడా సూపర్‌వైజర్‌తో చెప్పాల్సిన విషయమే, దాచుకోకండి.

లెక్చరర్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట: ఇంటర్న్‌షిప్ నడుస్తున్నన్నాళ్లు వారానికో అరగంట పిల్లల్ని కూర్చోబెట్టి, ఈ వారం అర్థంకానిది ఏంటో చెప్పించండి. ఆఖర్న అందరూ ఒకేలా కాపీ కొట్టి ఇచ్చే రికార్డు పుస్తకాల కంటే అది మేలు.

రెజ్యూమేలో "ఫలానా చోట ఇంటర్న్‌షిప్" అని వదిలేయకండి, పీజీ ఇంటర్వ్యూలో అడిగేది అక్కడ ఏం చేశారనే. ఎన్ని కేస్ హిస్టరీలు పక్కన కూర్చుని రాశారు, ఏ పరీక్షలు చూశారు, ఎన్ని కేసులు ప్రెజెంట్ చేశారు, చేసినంతే రాయండి, చూసినదాన్ని చేసినట్టు రాస్తే రెండో ప్రశ్నకే దొరికిపోతారు. సర్టిఫికెట్‌లో తేదీలు, గంటలు, చేసిన పనులు ఉండేలా ఆఖరి వారంలోనే సంతకం చేయించుకోండి. తర్వాత వెళ్తే ఆ సార్‌కి ట్రాన్స్‌ఫర్ అయ్యి ఉంటుంది, లేదా ఆఫీసులో క్లర్కు లంచ్‌కి వెళ్లి ఉంటాడు.